మాను చదివాకే మిషన్

చెట్లు కోసే పెట్రోలు రంపం మెట్ట ఊళ్లలో ఇంటింటి పనిముట్టు అవుతోంది. దాన్ని పట్టే చేతికి, ఆ చేతికి పని చెప్పేవాళ్లకి తెలియాల్సిన సంగతులివి.

రాజమండ్రి నుంచి గోకవరం వెళ్లే రోడ్డులో కోరుకొండ నరసింహస్వామి కొండ దాటాక రెండు పక్కలా మెట్ట పరుచుకుంటుంది. జీడిమామిడి, మామిడి, పామాయిల్, వాటి మధ్య జామాయిల్, సరుగుడు తోటలు. డెల్టాలో వరికోతకి ఒక కాలమంటూ ఉంది. ఇక్కడ కలప కోతకి అలాంటిదేమీ లేదు, ధర కుదిరిందంటే కోతే. తొక్క ఒలిచిన కర్ర లారీలకెక్కి రాజమండ్రి కాగితం మిల్లు దారి పడుతుంది. 1964లో ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్‌గా ఏర్పడి, ఇప్పుడు ఆంధ్రా పేపర్‌గా నడుస్తున్న ఆ మిల్లుకి సరుగుడు, సుబాబుల్, జామాయిలే ముడిసరుకు. లావు మానులైతే కలప అడితులకీ సామిల్లులకీ పోతాయి.

ఈ కోతంతా ఒకప్పుడు గొడ్డలి మీద, ఇద్దరు చెరోవైపు కూర్చుని లాగే రంపం మీద నడిచేది. ఇప్పుడు తోటలోకి అడుగుపెట్టకముందే మిషన్ మోత వినిపిస్తుంది. పూట పట్టే పని నిమిషాల్లో తెగుతోంది. చీకేసిన వేపచెట్టు తీయించాలన్నా, పెరట్లో కొబ్బరిచెట్టు ఇంటి మీదికి ఒరిగిందన్నా జనం వెతికేది మిషన్ ఉన్న మనిషి కోసమే. పేరున్న కంపెనీవి ఖరీదెక్కువే గానీ, ఆన్‌లైన్‌లో కొన్ని వేలు పెడితే ఊరూపేరూ లేని మిషన్ నాలుగు రోజుల్లో గుమ్మంలో దిగుతుంది. డబ్బాలో మిషనుంటుంది, గొలుసు తిరిగే పొడుగాటి బారుంటుంది, గొలుసుంటుంది, తెలుగులో ఒక్క ముక్కా లేని కాగితం ఒకటుంటుంది. నేర్పే మనిషి మాత్రం ఉండడు.

ఆ మిషన్ పట్టినవాళ్లని చూడండి. హవాయి చెప్పులు, పైకి కట్టిన లుంగీ, మెడలో వేలాడే తువ్వాలు. కళ్లకి అద్దాల్లేవు, చెవులకి ఏమీ లేదు. చెట్టు పడే దిక్కున నలుగురు మోకు పట్టుకుని నిలబడి ఉంటారు. జాగ్రత్త అంటే వచ్చే జవాబు ఎక్కడైనా ఒకటే: "ఏం కాదండీ, మాకలవాటే." ఆ మాటలో అబద్ధం లేదు. పాతికేళ్లుగా చెట్లు కొట్టినవాడికి చెట్టు సంగతి నిజంగానే తెలుసు. తెలియనిదల్లా ఈ మిషన్ సంగతి. గొడ్డలి చేసే తప్పు ఒకలా ఉంటుంది, దీని తప్పు మరోలా ఉంటుంది.

గొలుసు చేసే పని

పూర్తి వేగంలో ఉన్నప్పుడు బారు చుట్టూ గొలుసు సెకనుకి ఇరవై మీటర్లు, అంతకు పైనే పరుగెడుతుంది. గంటకి డెబ్బై కిలోమీటర్ల పైమాట. గొలుసు మీది పళ్లు కత్తిలా కోయవు, ఉలిలా తవ్వుతాయి. ఒక పన్ను కుడికి, ఒకటి ఎడమకి. ప్రతి పన్నుకీ ముందు ఒక చిన్న మొట్టె ఉంటుంది. పన్ను ఎంత లోతుకి దిగాలో నిర్ణయించేది అదే. చెక్కలో గొలుసు ఎంత వెడల్పు సందు చేస్తుందో ఒంటి మీదా అంతే చేస్తుంది. అంత మేర కండ ఉండదు. కొడవలి గాయంలా రెండంచులూ దగ్గరికి చేర్చి కుట్టడం కుదరదు, అందుకే దీని గాయాలు డాక్టర్లని అంత కష్టపెడతాయి.

ఈ యంత్రం పుట్టి మరీ ఎక్కువ కాలం కాలేదు. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో కరెంటుతో నడిచే రంపాన్ని, 1929లో పెట్రోలు రంపాన్ని తెచ్చాడు. అవి ఇద్దరు మోస్తే గాని కదలని బరువులు. ఇవాళ్టి గొలుసు పన్ను రూపం మాత్రం అమెరికాలో జోసెఫ్ బుఫోర్డ్ కాక్స్ అనే కలప పనివాడిది. ఒక పురుగు దవడలతో చెక్కని కుడికీ ఎడమకీ తొలుచుకుంటూ పోవడం గమనించి, ఆ పద్ధతిలో పళ్లు చేసి 1947లో అమ్మకం మొదలుపెట్టాడు. మిషన్ తేలికై ఒక్క మనిషి చేతికి వచ్చాక ప్రమాదాలు పెరిగాయి. గొలుసుని చటుక్కున ఆపే బ్రేకు 1970లలో వాడుకలోకి వచ్చింది.

ఆ బ్రేకు ఎందుకో తెలిస్తే మిషన్ సగం తెలిసినట్టే. బారు కొస గుండ్రంగా ఉంటుంది కదా, ఆ గుండ్రానికి పైభాగం దేనికీ తగలకూడదు. వెనకున్న కొమ్మకి గానీ, పక్క దుంగకి గానీ, నేలమీది మొద్దుకి గానీ ఆ భాగం తగిలిందంటే పన్ను చెక్కలో ఇరుక్కుంటుంది. అంత వేగంగా తిరుగుతున్న గొలుసు ముందుకి పోలేక, బారునే పైకి, వెనక్కి, పట్టుకున్నవాడి ముఖం మీదికీ మెడ మీదికీ ఎగదన్నుతుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. ఇదంతా సెకనులో పదో వంతు, రెండు వంతుల్లో అయిపోతుంది. "వస్తే తప్పుకుంటాలే" అనుకోవడానికి లేదు, మనిషి కన్ను చూసి ఒంటికి చెప్పేలోపు గొలుసు వచ్చేసి ఉంటుంది.

కాబట్టి పట్టులోనే రక్షణ ఉండాలి. ఎడమచేతి బొటనవేలు ముందు పిడి కిందుగా చుట్టుకుని ఉండాలి. నాలుగు వేళ్లూ ఒకపక్కే వేసి పట్టుకోవడం చాలామందికి అలవాటు. మిషన్ ఎగదన్నితే అలా పట్టిన చెయ్యి జారిపోతుంది. బొటనవేలు చుట్టి పట్టిన చెయ్యి జారదు, దాని మణికట్టు ముందున్న బ్రేకు పలకకి తగిలి గొలుసు ఆగిపోతుంది. ఎడమచెయ్యి నిటారుగా, ఒళ్లు బారు వరసలో కాకుండా కాస్త పక్కకి ఉండాలి. భుజం కన్నా ఎత్తులో కోత వద్దు. ఒంటిచేత్తో కోత ఎప్పుడూ వద్దు. మన దగ్గర ఎక్కువ జరిగేది మాత్రం ఇదే. వేపకొమ్మ మీద ఒక కాలు, కాండం మీద ఇంకో కాలు, ఒక చేత్తో పట్టు, రెండో చేత్తో మిషన్. పైన పనికి వేరే చిన్న మిషన్లున్నాయి, నడుముకి కట్టుకునే బెల్టులున్నాయి, వాటికి శిక్షణ వేరే ఉంది. అవేవీ లేకపోతే పై కొమ్మని చేతిరంపంతో కోసుకోవడమే మేలు.

పొద్దున్నే మిషన్ వేశాక బ్రేకు పలకని ముందుకి తోసి, గొలుసు ఆగుతోందో లేదో చూడాలి. ఆ పలక విరిగిపోతే దారంతో కట్టి, లేదా పీకేసి పని కానిచ్చేవాళ్లున్నారు. అలాంటి మిషన్‌ని తోటలోకి రానివ్వకూడదు. స్టార్టు చేసేటప్పుడు కూడా నేలమీద ఆనించి, వెనక పిడిని కాలితో తొక్కిపట్టి, బ్రేకు వేసి ఉంచే, తాడు లాగాలి. గాల్లో వేలాడదీసి లాగితే ఆ ఊపుకి తొడ దగ్గరికొస్తుంది.

పడే దిక్కు ఎవరు చెప్పాలి?

చెట్టు ఎటు పడాలో ముందు చెట్టునే అడగాలి. వాలు ఎటుంది, కొమ్మల బరువు ఎటుంది, గాలి ఎటు వీస్తోంది, పక్క చెట్టుతో తీగలేమైనా పెనవేసుకున్నాయా, పైన ఎండుకొమ్మ ఏదైనా వేలాడుతోందా, మొదట్లో డొల్ల ఉందా. గొడ్డలి మడమతో కాండాన్ని తడితే చేవ ఉన్న మానుకీ లోపల పుచ్చినదానికీ చప్పుడు తేడా తెలుస్తుంది. పాత మేస్త్రీలు మిషన్ వేసే ముందు మాను చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేది ఇందుకే. కరెంటు తీగలు, పాక, పశువులపాక, గేటు దగ్గర ఆడుకుంటున్న పిల్లలు, అన్నీ అప్పుడే చూసుకోవాలి.

దూరం లెక్క కూడా అప్పుడే. చెట్టు ఎత్తుకి రెండింతల దూరంలో కోసేవాళ్లు తప్ప ఎవరూ ఉండకూడదు. అరవై అడుగుల కొబ్బరిచెట్టుకి నూట ఇరవై అడుగులు. మోకు పట్టేవాళ్లకి కూడా ఇదే లెక్క. మోకు పొడవు సరిపోవడం లేదని చెట్టు పడే చోటనే నిలబడి లాగి, పడేటప్పుడు పరుగెత్తడం మన ఊళ్లలో మామూలైపోయింది. ఇంకో మోకు తెచ్చి ముడేసుకోవాలి, లేదా దూరంగా ఉన్న మానుకి చుట్టి పక్కనుంచి లాగాలి. కోసేవాడు తను తప్పుకునే దారిని కూడా ముందే శుభ్రం చేసుకోవాలి. పడే దిక్కుకి సరిగ్గా వెనక్కి కాదు, వెనక్కే గానీ ఏటవాలుగా. ఎందుకంటే చెట్టు పడ్డప్పుడు మొదలు తిన్నగా వెనక్కి తన్నొచ్చు.

ఇక కోత. ఇరవై అంగుళాల మాను అనుకుందాం. పడాల్సిన వైపు ముందు ఒక నోరు తెరవాలి, నాలుగైదు అంగుళాల లోతున. పైనుంచి ఏటవాలుగా ఒక కోత, కింద అడ్డంగా ఒక కోత, రెండూ ఒకే గీత మీద కలవాలి. తర్వాత వెనకవైపు నుంచి, నోటి అడుగుకన్నా ఒకటి రెండు అంగుళాలు పైన, ఇంకో కోత. ఈ వెనక కోత నోటిదాకా పోకూడదు. మధ్యలో రెండు అంగుళాల మందాన చెక్క మిగలాలి, ఒక చివర నుంచి రెండో చివరదాకా ఒకే మందంగా. తలుపుకి బందు ఎలాంటిదో పడే చెట్టుకి ఆ చెక్క అలాంటిది. చెట్టు దాని మీదే తిరిగి, అనుకున్న వైపు దిగుతుంది. అది పూర్తిగా తెగిపోయిందా, ఇక చెట్టు ఎవరి మాటా వినదు. మిషన్‌ని మీదకేసుకుని మొదలు మీద నుంచి జారొచ్చు, వెనక్కి కూర్చోవచ్చు, పక్కకి తిరిగిపోవచ్చు. వెనక కోతలో బారు బిగుసుకోకుండా చీలలా ఉండే ప్లాస్టిక్ వెడ్జ్ కొట్టుకుంటూ పోవాలి. ఇనుప చీల గొలుసుకి తగిలితే రెండూ పోతాయి. చెట్టు కదిలినట్టు చిన్న చిటపట వినబడగానే మిషన్ ఆపి, దారి పట్టి నడిచిపోవడమే.

మెట్టలో జామాయిల్ కోసేవాళ్లకి ఇక్కడో మాట ప్రత్యేకంగా చెప్పాలి. నాలుగైదేళ్ల కర్ర సన్నంగానే ఉంటుంది గనక నోరూ గీరూ లేకుండా ఒక్క ఏటవాలు కోతతో లాగించేస్తారు. సన్న కర్రకి అది చెల్లిపోతుంది. అదే అలవాటుతో గట్టు మీద పదిహేనేళ్లు పెరిగిన లావు జామాయిల్‌కి, అదీ ముందుకి వాలినదానికి, వెనకనుంచి కోత పెడితే మాను సగం తెగకముందే నిలువునా చీలిపోతుంది. ముందు సగం పడుతుంటే వెనక సగం పైకి లేచి, కోసేవాడి ఛాతీకో గడ్డానికో కొడుతుంది. జామాయిల్ కాండంలో పెరిగేటప్పటి బిగువు చాలా ఉంటుంది, అందుకే ఇంత తేలిగ్గా చీలుతుంది. వాలిన మానుకి పెద్ద నోరు తెరవాలి. చీలకుండా కోతకి పైన ఇనుప గొలుసుతో గట్టిగా చుట్టి కట్టాలి. ఇంకా మంచి పద్ధతి, బందు వెనక బారుని కాండంలోకి పొడిచి వెనక్కి కోసుకుంటూ వచ్చి, చివర ఒక పట్టీ వదిలేసి, అన్నీ సర్దుకున్నాక ఆ పట్టీ తెంపడం. అయితే బారు కొసతో పొడవడం కిక్‌బ్యాక్‌కి దగ్గరి పని. చూసి నేర్చుకోవాల్సిందే, చదివి చేయకూడదు.

కొబ్బరి, తాడి మళ్లీ వేరు. వాటికి బయట గట్టి, లోపల మెత్తన. అంతా పీచు. మామిడికీ వేపకీ నిలిచినట్టు వీటికి బందు నిలవదు, కొట్టిన వెడ్జ్ మెత్తటి దూటలోకి దిగిపోతుంది, పీచు గొలుసుకి చుట్టుకుంటుంది. అందుకని వీటిని మోకు లేకుండా కోయకూడదు, కాయలూ మట్టలూ ముందే దింపేయాలి. పైనుంచి రాలిన ఎండుమట్ట చాలు, మనిషిని పడేయడానికి.

పడుతూ పడుతూ పక్క చెట్టు మీద చిక్కుకున్నదాన్ని చూస్తే అందరికీ ఒకటే ఆలోచన, ఆనిన చెట్టుని కూడా కోసేద్దామని. దానంత చావుదారి ఇంకోటి లేదు. చిక్కిన చెట్టు కిందికి వెళ్లకుండా, దూరం నుంచి ట్రాక్టరు పెట్టి మొదలు పట్టి లాగించాలి. ట్రాక్టరు లేకపోతే, వచ్చేదాకా అటువైపు ఎవరినీ పోనివ్వకుండా తాడు కట్టాలి.

తుపాను మర్నాడు

కూలిపడ్డ చెట్టు నిలబడ్డదాని కన్నా ప్రమాదం. ఈ సంగతి గోదావరి జిల్లాల వాళ్లకి ఎంత చెప్పినా ఎక్కువ కాదు. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి కోనసీమలో కొబ్బరితోటలు ఎలా పడుకున్నాయో పెద్దవాళ్లకి గుర్తే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖని పచ్చదనం లేకుండా చేసింది. తుపాను లేకపోయినా పెద్ద మానులు పడతాయి. మొన్న 2024 ఆగస్టులో కొవ్వూరు దగ్గర కుమారదేవంలో, ఎన్నో సినిమాల్లో కనిపించిన నిద్రగన్నేరు, జనం సినిమా చెట్టని పిలుచుకునేది, గోదావరి గట్టున కూలిపోయింది. తర్వాత చికిత్స చేయిస్తే మొదలు చిగురించింది. అంతటి మాను ఒరిగి పడ్డప్పుడు ఒక్కో కొమ్మలో ఎంత బరువు బిగుసుకుని ఉంటుందో ఊహించండి.

కొమ్మ వంగి ఉంటే దాని ఒకపక్క సాగి ఉంటుంది, ఒకపక్క నొక్కుకుని ఉంటుంది. సాగిన వైపు ముందు కోస్తే ఫటేలుమని విడిపోయి ముఖాన కొడుతుంది. నొక్కుకున్న వైపు ముందు కొద్దిగా కోసి, తర్వాత సాగినవైపు నుంచి మెల్లగా పోవాలి. మనిషి ఎప్పుడూ వంపుకి లోపలి పక్కనే, కొమ్మ విదిలించుకునే దారిలో లేకుండా నిలబడాలి. నేలకి విల్లులా వంగిపోయిన చిన్న మొక్కలు మరీ మోసం, బొటనవేలంత లావుదైనా కంటికి తగిలితే కన్ను పోతుంది. కాండం పొడవునా కొమ్మలు నరుకుతూ పోయేటప్పుడు కాండానికి ఇవతల మనిషి, అవతల గొలుసు ఉండాలి. వాలు నేలైతే మనిషి పైవైపు.

వేళ్లతో సహా లేచిన చెట్టు దగ్గర ఇంకో గండం. కాండాన్ని కోసి బరువు తీసేయగానే వేరుమట్టం తిరిగి గోతిలో కూర్చుంటుంది. అక్కడ పిల్లలు ఆడుకుంటుంటారు, మేకలు దిగుతుంటాయి. కోత ముందు ఆ గొయ్యి ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూడాలి. తీగ మీద పడ్డ చెట్టునైతే తాకనే వద్దు. 1912కి ఫోన్ చేసి, లైన్‌మన్ వచ్చి సప్లై తీశానని చెప్పాకే మిషన్ పట్టాలి.

ఒంటి మీద ఏముండాలి

చెయిన్‌సా ప్యాంటు, లేదా ప్యాంటు మీద కట్టుకునే తొడుగు. దీంట్లో పొరలు పొరలుగా పొడుగాటి దారాలుంటాయి. గొలుసు తగలగానే బయటి గుడ్డ చిరిగి, ఆ దారాలు వెలుపలికి వచ్చి గొలుసు తిరిగే చక్రానికి చుట్టుకుని మిషన్‌ని ఆపేస్తాయి. సెకనుకి ఎన్ని మీటర్ల వేగందాకా ఆపగలదో చెప్పే తరగతులుంటాయి, ఒకటో తరగతి ఇరవై మీటర్లకి. ఒకసారి తెగినదాన్ని కుట్టించి వాడకూడదు. దీని కన్నా ముందు కొనాల్సింది నాకు తెలిసి ఇంకేదీ లేదు, ఎందుకంటే అలసిపోయిన మనిషి చేతిలో మిషన్ దిగేది ఎడమ తొడ మీదికే. తర్వాత ముక్కు గట్టిగా ఉన్న బూట్లు, ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్, చెవులకి తొడుగు. మిషన్ మోత నూరు డెసిబెల్స్ దాటి ఉంటుంది. అంత మోత రోజుకి పావుగంట మించితేనే చెవికి చెరుపు. సాయంత్రానికి చెవుల్లో గుయ్యిమనడం వినికిడి పోతోందనడానికి గుర్తు. వేళ్లు తిమ్మిరెక్కి తెల్లబడటం కూడా మామూలు అలసట కాదు, మిషన్ వణుకు నరాల్ని తినేస్తోందన్నమాట.

"మే నెలలో ఈ ఎండకి అవన్నీ తొడుక్కుంటే మిషన్ కన్నా ముందు వడదెబ్బ చంపుతుందండీ" అంటారు. అది సాకు కాదు, నిజమే. మన ఎండకి తగ్గ దారి పని వేళ మార్చుకోవడం. తెల్లవారుజామున మొదలెట్టి పదింటికల్లా మిషన్ దించేయాలి, మళ్లీ ఎండ వాలాకే ఎత్తాలి. కలప లారీ సాయంత్రానికి నిండాలని పట్టుబట్టే బేరగాడే ఈ వేళల్ని పాడుచేస్తున్నాడు, మేస్త్రీ కాదు.

పెట్రోలు సంగతి. టూ స్ట్రోక్ ఇంజను గనక కంపెనీ చెప్పిన ఆయిల్ చెప్పిన పాళ్లలో కలపాలి. మంచి ఆయిలైతే చాలా మిషన్లకి లీటరు పెట్రోలుకి ఇరవై మిల్లీలీటర్లు. మిషన్ చల్లారాక పోయాలి, పోసిన చోటు నుంచి పది అడుగులైనా జరిగి స్టార్టు చేయాలి. వేసవిలో జీడిమామిడి తోట నిండా ఎండాకే. నోట్లో బీడీతో పెట్రోలు పోసేవాడు ఒక్కడు చాలు, నలుగురి తోటలు పోవడానికి.

గొలుసు పదును గురించి ఒక్క గుర్తు చాలు. మిషన్ కింద పడే పొట్టు చూడండి. పేళ్లు పేళ్లుగా రాలుతుంటే పదునుంది. పిండిలా రాలుతుంటే, పొగ వస్తుంటే, మనిషి మిషన్‌ని అదిమి నొక్కుతుంటే పదును పోయింది. నొక్కే చెయ్యే జారుతుంది. గొలుసు కొలతకి తగ్గ గుండ్రటి ఆకురాయి తీసుకుని, పన్ను లోపలి నుంచి బయటికి, ఒకే కోణంలో, ప్రతి పన్నుకీ అన్నే రాపిళ్లు. ఒకవైపు పళ్లు ఎక్కువ అరిగితే కోత వంకర పోతుంది. ముందున్న మొట్టెని మాత్రం కొలబద్ద లేకుండా అరగదీయొద్దు. అది మరీ తగ్గితే పన్ను ఆశపడి లోతుకి దిగి, మిషన్ ఎగదన్నుతుంది.

తెగితే

తొడలో పెద్ద రక్తనాళం తెగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. కోరుకొండ నుంచి రాజమండ్రి పెద్దాసుపత్రికి ఇరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది. 108 వచ్చేలోపు చేయాల్సింది తోటలో ఉన్నవాళ్లే చేయాలి. పసుపు, కాఫీపొడి గాయంలో కూరడం వద్దు. శుభ్రమైన గుడ్డ మడతపెట్టి, రెండు అరచేతులతో, ఒళ్లు బరువంతా వేసి నొక్కాలి, మధ్యలో తీసి చూడకూడదు. అప్పటికీ కాలి నుంచో చేతి నుంచో నెత్తురు చిమ్ముతుంటే గాయానికి రెండు మూడంగుళాలు పైన, కీలు మీద కాకుండా, వెడల్పాటి గుడ్డ కట్టి, దాంట్లో పుల్ల పెట్టి నెత్తురు ఆగేదాకా మెలిపెట్టాలి. కట్టిన టైము కాగితం మీద రాసి పంపాలి. ఆ కట్టు ఆసుపత్రిలోనే విప్పాలి. ఒక్కడే మిషన్ తీసుకుని తోటలోకి పోకూడదనేది ఇందుకే. ఫోన్ సిగ్నల్ ఎక్కడందుతుందో, అంబులెన్సుకి దారి ఏ గట్టు మీదుగానో పని మొదలెట్టకముందే అనుకోవాలి.

ఇక ఖర్చు ఎవరిది? తొడుగు, హెల్మెట్, బూట్లు కలిపి కూలీకి వారాల సంపాదన. వాడే కొనుక్కోవాలంటే కొనడు, కొనలేడు. పని చెప్పినవాడు పెట్టాలి. చెట్లు కొట్టడం ప్రపంచంలో అత్యంత ప్రమాదకరమైన పనుల్లో ఒకటని అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పుకుని, 1998లో అడవి పనుల భద్రతకి ఒక నియమావళే రాసింది. మన చట్టం అంతకన్నా ముందే మేల్కొంది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం జాబితాలో తాటిచెట్లు గీసేవాళ్లతో పాటు చెట్లు నరికేవాళ్ల పేరూ ఉంది. ఆ చట్టాన్ని 2020 సామాజిక భద్రత కోడ్‌లో కలిపారు. అంటే పనిలో కాలు పోయినా ప్రాణం పోయినా పరిహారం అడగడం హక్కే. చిక్కల్లా రుజువు దగ్గర. తోట రైతు బేరగాడిని చూపిస్తాడు, బేరగాడు మేస్త్రీని చూపిస్తాడు, మేస్త్రీ దగ్గర కాగితం ఉండదు.

రాజమండ్రి దివాన్‌చెరువులో అటవీ అకాడమీ ఉంది, కోరుకొండ మెట్టకి మరీ దూరమేమీ కాదు. అడవి సిబ్బందికి శిక్షణ ఇచ్చే ఆ ప్రాంగణంలో నెలకో రోజు మిషన్ పట్టే మేస్త్రీలకి కేటాయించమని అధికారుల్ని అడగాలి. కొబ్బరి, జామాయిల్, జీడిమామిడి మూడింటి మీద చేయించి చూపిస్తే చాలు. అది జరిగేలోపు చెట్టు కోయించుకునేవాళ్లు తమ వంతు పని మొదలుపెట్టొచ్చు. బేరం కుదిరిన రోజే ఒక తెల్లకాగితం మీద ఎవరి తోట, ఎవరి బేరం, ఎవరెవరు కోతకి వస్తున్నారు, ఏ తారీకున అని రాసి రైతు, బేరగాడు, మేస్త్రీ ముగ్గురూ సంతకం పెట్టాలి. అడ్వాన్సు చేతికివ్వకుండా ఫోన్‌లో పంపాలి, ఆ లెక్క ఎక్కడికీ పోదు. మిషన్ బండి దిగగానే ముందు బ్రేకు చూపించమనాలి, తర్వాత కాలికి తొడుగు చూపించమనాలి. రెండింట్లో ఏది లేకపోయినా ఆ రోజుకి టీ ఇచ్చి పంపేసి, అవి తెచ్చాకే గేటు తీయాలి.